ఎదురుగా ఉన్న బండి కనపడదేం?

ప్రశ్న: సాయంత్రం మెట్రో దిగి పార్కింగ్‌లో నా బండి వెతుక్కోవడమంటే రోజూ టెన్షనే. నాది గ్రే యాక్టివా, అక్కడ సగం అలాంటివే. పక్కనుంచే వెళ్లినా గుర్తుపట్టను. మా ఆడపడుచు పసుపు స్కూటీ మాత్రం గేటు దగ్గర్నుంచే కనిపిస్తుంది. సైట్ చెక్ చేయించుకోవాలా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సైట్‌దే తప్పయితే ఆడపడుచు బండి కూడా కనపడకూడదు కదమ్మా! కళ్ల ముందున్నవన్నీ మెదడు ఒకేసారి వివరంగా గుర్తుపట్టలేదు, కొన్నింటినే ఎంచుకుంటుంది, ఆ ఎంపికలో మీ బండి ఓడిపోతోంది, అంతే. 1980లో యాన్ ట్రీస్‌మన్, గ్యారీ జెలేడ్ అనే సైకాలజిస్టులు చెప్పిందేమిటంటే, వెతికేది ఒక్క రంగులో తేడాగా ఉన్నా చాలు, చుట్టూ పది ఉన్నా ముప్ఫై ఉన్నా దొరకడానికి పట్టే టైమ్ పెద్దగా మారదు. పసుపు స్కూటీ సంగతి అదే. మీకేమో గ్రే రంగుదీ కావాలి, అందులోనూ వెనక బాక్స్ ఉన్నదే కావాలి అనుకోండి, ఈ రెండూ విడివిడిగా వేరే బండ్లకీ ఉంటాయి కాబట్టి రెండూ కలిసిన ఆ ఒక్కదాని కోసం చూపు తిరగాల్సిందే, బండ్లు పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. అలాగని ప్రతి బండినీ చూడక్కర్లేదు. జెరెమీ వుల్ఫ్ అనే మరో సైకాలజిస్టు తర్వాత చెప్పినట్టు, కావాల్సిన రంగు మనసులో ఉంటే ఎర్రవీ నల్లవీ వదిలేసి చూపు గ్రేవాటి మీదికే పోతుంది. కానీ సగం గ్రేవే అయినచోట ఆ సాయం ఏపాటి?

నెంబర్ ప్లేట్లు చదువుకుంటూ వెతికేవాళ్లుంటారు, అది అన్నిటికన్నా నిదానం. ఎందుకంటే చిన్న అంకెలు చదవాలంటే చూపును సరిగ్గా ప్లేటు మీదే నిలపాలి.

అద్దానికి ఆరెంజ్ రిబ్బన్ కట్టండి. స్టిక్కర్ పీకేసి 'స్టిక్కర్ లేనిదే నాది' అనుకుంటే మాత్రం లాభం లేదు, ఉన్నదాన్ని పట్టుకున్నంత తేలిగ్గా లేనిదాన్ని పట్టుకోలేం, ఇది కూడా ట్రీస్‌మన్ ప్రయోగాల్లో తేలిందే. గేటు దాటగానే 'నా బండేది' అని కాకుండా 'ఆరెంజ్ ఏది' అని చూడండి. పక్కవాళ్లూ అదే రంగు కట్టడం మొదలుపెడితే మీరు మార్చేయండి.

దూరంగా ఉన్న బోర్డులు మసకగా కనిపిస్తున్నా, పక్కనుంచి వచ్చే బండ్లు తెలియకపోతున్నా అది వేరే సంగతి, అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.