మందు మానాలని ఉంది, మానలేకపోతున్నా... ఆన్‌లైన్‌లో తగిన థెరపిస్టు దొరుకుతారా?

ప్రశ్న: నా వయసు 39. నంద్యాల జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మందు పదేళ్ల అలవాటు. రెండేళ్లుగా మాత్రం రోజూ రాత్రి ఒక క్వార్టర్ పడాల్సిందే. ఏ రోజైనా తాగకపోతే మర్నాడు పొద్దున చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. మూడేళ్ల కిందట అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టలేదు. మాల తీసిన వారానికే మళ్లీ మొదలైంది. మా పాప ఆరో తరగతి. రాత్రిపూట హోంవర్క్ పట్టుకుని నా దగ్గరకు రావడం మానేసింది. ఒక డీ అడిక్షన్ సెంటర్‌కు వెళ్తే గంటసేపు క్లాసు పీకారు, మళ్లీ అటు వెళ్లలేదు. డాలస్‌లో ఉండే మా బావమరిది 'మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్' అనే పద్ధతి ఉందని, అక్కడి థెరపిస్టుతో ఆన్‌లైన్‌లో మాట్లాడిస్తానని అంటున్నాడు. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఈ పద్ధతి తెలిసినవాళ్లు తెలుగులో దొరుకుతారా? ఎలా వెతకాలి? మా ఆవిడకు ఎవరో అన్నంలో కలిపే మాత్ర గురించి చెప్పారట. అది వాడొచ్చా?
- పేరు రాయవద్దని కోరిన పాఠకుడు

డాక్టర్ సలహా: ముందు చేతుల వణుకు సంగతి చూద్దాం. థెరపిస్టు విషయం ఆ తర్వాత.

తాగని రోజు వణుకు, చెమటలు వస్తున్నాయంటే మీ ఒంటికి మందు అలవాటైపోయింది. ఇలాంటప్పుడు 'రేపటి నుంచి బంద్' అని ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదురుతుంది. లేనివి కనిపిస్తాయి, మనుషులను గుర్తుపట్టరు, జ్వరం వస్తుంది. అది ప్రాణం మీదకు తెచ్చే స్థితి. మాల వేసుకున్నప్పుడు ఏమీ కాలేదు కదా అనుకోకండి. అప్పటికి మీరు రోజూ తాగేవారు కాదు.

కాబట్టి సైకియాట్రిస్టును నేరుగా కలవండి. మీకు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గర, అక్కడ సైకియాట్రీ విభాగం ఉంది. బీపీ, షుగర్, లివర్ పరీక్షలు చేస్తారు. వణుకు రాకుండా కొన్ని రోజులకు మాత్రలిచ్చి, మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. థయమిన్ అనే విటమిన్ కూడా ఇస్తారు. అవసరమైతే నాలుగైదు రోజులు వార్డులో ఉంచుతారు. ఈ ఒక్క పని వీడియో కాల్‌లో తేల్చుకోవద్దు, మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు. ఈలోగా ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషులను పోల్చుకోలేకపోయినా ఇంట్లోవాళ్లు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

'ఒక్క క్వార్టరే కదా' అనే మాట నేను రోజూ వింటాను. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. లెక్కేస్తే రాత్రికి దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ మీ ఒంట్లోకి వెళ్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 గ్రాములను ఒక డ్రింక్‌గా లెక్కిస్తుంది. అంటే రోజుకు ఆరు.

అన్నంలో కలిపే మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. అది వేసుకున్నాక మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. అంతా తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకునేవారికి అది పనికొచ్చే మందే. చాటుగా కలిపితే విషంతో సమానం. మీ ఆవిడకు ఈ పేరా చదివి వినిపించండి. ఆమె బాధలో ఉంది కాబట్టే అలాంటి సలహా చెవికెక్కింది. ఆమెను తప్పు పట్టకండి.

ఇక మీరడిగిన పద్ధతి. మోటివేషన్ అనగానే మనకు యూట్యూబ్‌లో చప్పట్లు కొట్టించే ప్రసంగాలు గుర్తొస్తాయి. ఇందులో ప్రసంగమే ఉండదు. అమెరికాకు చెందిన సైకాలజిస్టు విలియం మిల్లర్ 1982లో నార్వేలోని ఒక క్లినిక్‌లో కొన్నాళ్లు ఉన్నప్పుడు, అక్కడి యువ సైకాలజిస్టులు ఆయన రోగులతో మాట్లాడే తీరు చూసి 'ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు, ఆ మాట ఎందుకు అన్నారు' అని నిలదీశారట. వాళ్లకు వివరిస్తూ పోతే పద్ధతికి ఒక రూపం వచ్చింది. 1983లో దాన్ని వ్యాసంగా రాశారు. ఆ వ్యాసం సరిగ్గా తాగుడు సమస్య ఉన్నవారి గురించే. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం తెచ్చారు.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో చూపిస్తాను. మీలాంటి దుకాణదారు ఒకరు డాక్టర్ ముందు కూర్చున్నారనుకోండి.

"రోజూ తాగితే లివర్ పోతుందని తెలుసా?"
"తెలుసు సార్."
"మరి పిల్లల సంగతేంటి?"
"తప్పే సార్. కానీ సీజన్‌లో టెన్షన్ అలా ఉంటుంది. అరువు పట్టుకెళ్లిన రైతులు కట్టరు, కంపెనీవాళ్లు ఊరుకోరు. ఏం చేయమంటారు?"

చూశారా, మానమని డాక్టర్ వాదిస్తుంటే, తాగడానికి కారణాలు చెప్పే పని ఆయన మీద పడింది. మనిషి తన నోటితో చెప్పిన మాటనే ఎక్కువ నమ్ముతాడు. ఆయన లేచి వెళ్లేటప్పుడు తాగుడు వైపు ఇంకాస్త గట్టిపడి వెళ్తాడు. అదే మనిషితో ఇంకోలా మాట్లాడితే...

"రాత్రి ఆ క్వార్టర్ మీకు ఏ రకంగా పనికొస్తోంది?"
"షట్టర్ దించాక కూడా లెక్కలు తలలో తిరుగుతుంటాయి సార్. రెండు పెగ్గులు పడితే గానీ పోవు."
"లెక్కలు మర్చిపోవడానికి మీకు దొరికిన దారి అదొక్కటే."
"అవును. కానీ పొద్దున లేచేసరికి అవి అక్కడే ఉంటాయి. పైగా చెయ్యి వణికి బిల్లు రాయలేకపోతున్నా."
"మానడం మీకు ఎంత ముఖ్యమో పదికి మార్కులేయండి."
"ఆరు."
"ఆరు వేశారు. మూడు ఎందుకు వేయలేదు?"

ఆ చివరి ప్రశ్న గమనించండి. 'పది ఎందుకు వేయలేదు' అని అడిగితే మళ్లీ సాకులే వస్తాయి. 'మూడు ఎందుకు వేయలేదు' అని అడిగితే, మానడానికి తన దగ్గరున్న కారణాలన్నీ ఆ మనిషే ఒక్కొక్కటిగా బయటకు తీస్తాడు. పాప, హోంవర్క్, వణికే చెయ్యి... థెరపిస్టు వాటిని జాగ్రత్తగా ఏరుకుని, కూడబెట్టి, ఆయన చేతికే తిరిగి ఇస్తాడు.

నేను పీజీ చేసే రోజుల్లో మొదటి రకంగానే మాట్లాడేవాణ్ని. లివర్ వాచిన ఒకాయనకు రిపోర్టు చూపించి, ఇలాగే ఉంటే ఐదేళ్లు కూడా బతకవని గట్టిగా చెప్పాను. ఆయన చేతులు జోడించి, 'మీరన్నది నిజమే సార్' అని వెళ్లిపోయాడు. మూడు నెలలకు పచ్చకామెర్లతో తీసుకొచ్చారు. 'మీ దగ్గర్నుంచి వెళ్లిన రాత్రే ఎక్కువ తాగాడు సార్' అంది ఆయన భార్య. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. థెరపిస్టు ఎంత ఎదిరించి మాట్లాడితే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నట్టు మిల్లర్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో కూడా తేలింది. ఆ సెంటర్‌లో మీకు క్లాసు పీకితే మళ్లీ వెళ్లకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ అనుభవంతో చికిత్స మీదే నమ్మకం పోగొట్టుకోనందుకు సంతోషం.

డాలస్ థెరపిస్టు ఆలోచన మానుకోండి. అమెరికాలో థెరపిస్టుల లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఇండియాలో ఉన్నవారికి అక్కడి నుంచి చికిత్స చేయడం మామూలుగా కుదరదు. అంతకన్నా ముఖ్యం భాష. ఈ పద్ధతి మొత్తం మీ నోటి నుంచి వచ్చే మాట మీద నడుస్తుంది. 'తాగకపోతే బాగుండు' అనడానికీ, 'తాగకూడదు ఇక' అనడానికీ ఉన్న తేడా పట్టుకోగలిగేవాళ్లు కావాలి. మాల వేసుకోవడం అంటే ఏమిటో మీరు విడమరిచి చెప్పాల్సిన అవసరం లేనివాళ్లు కావాలి. మీ బావమరిదికి మీ మీద ప్రేమ ఉంది. ఆ ఖర్చేదో ఇక్కడి ఫీజుకు సాయం చేయమనండి.

వెతకడం కర్నూలు నుంచే మొదలుపెట్టండి. మిమ్మల్ని చూసిన సైకియాట్రిస్టునే, తాగుడు సమస్యలు చూసే, ఆన్‌లైన్‌లో మాట్లాడే క్లినికల్ సైకాలజిస్టు పేరు అడగండి. నోటిమాటగా వచ్చే పేరు ఇంటర్నెట్ ప్రకటనల కన్నా నమ్మదగినది. ఈ రాత్రికే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. నంబర్ 14416. 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ప్రతి వారం ఒకే మనిషి దొరకకపోవచ్చు గానీ, మీ దగ్గర్లో ఎవరున్నారో దారి చూపిస్తారు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో కూడా వాకబు చేయొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటి అలవాట్లకు ప్రత్యేక విభాగమే ఉంది.

యాప్‌లలో, వెబ్‌సైట్లలో వెతికితే ఒక జాగ్రత్త. కోచ్ అని పేరు పెట్టుకోవడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎం.ఫిల్. వంటి శిక్షణ పూర్తిచేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవారు. వాళ్లకు సీఆర్ఆర్ నంబర్ ఉంటుంది. అడగండి, చెబుతారు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ప్రిస్క్రిప్షన్ మీద ఉండి తీరాలని 2020 మార్చి నాటి టెలీమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నంబర్ అడిగితే చిరాకు పడేవారిని వదిలేయండి.

డిగ్రీ ఉన్నంత మాత్రాన ఈ పద్ధతి వచ్చినట్టు కాదు. ప్రొఫైల్‌లో పది పదిహేను పద్ధతుల పేర్లు వరుసగా రాసి, వాటి మధ్య ఇది కూడా ఉంటే నాకు అనుమానమే. ఫీజు కట్టే ముందు ఒక ఐదు నిమిషాలు ఫోన్‌లో అడగండి: తాగుడు సమస్య ఉన్నవారిని మీరు తరచూ చూస్తారా? మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ఎక్కడ నేర్చుకున్నారు? నేర్చుకున్నాక మీరు మాట్లాడిన సెషన్‌ను ఎవరైనా విని, తప్పొప్పులు చెప్పారా? ఈ మూడోది అసలు ప్రశ్న. రెండు రోజుల వర్క్‌షాప్‌తో ఇది చేతికి రాదు. ఈత కొలను ఒడ్డున కూర్చుంటే రాదు కదా, ఇదీ అంతే. ఈ పద్ధతి నేర్పేవారికి 1997 నుంచి మింట్ అనే అంతర్జాతీయ సంఘం ఉంది. అది శిక్షకుల సంఘం, థెరపిస్టులకు సర్టిఫికెట్లు ఇవ్వదు. 'మింట్ సర్టిఫైడ్ థెరపిస్టు' అని ఎవరైనా చెప్పుకుంటే కాస్త ఆగండి.

మిగతాది మొదటి సెషన్‌లో మీకే తెలిసిపోతుంది. ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో చూడండి. మీరే అయితే మంచి లక్షణం. సలహా చెప్పే ముందు 'ఒక మాట చెప్పమంటారా' అని మీ అనుమతి అడుగుతారు. 'నువ్వు తాగుబోతువని ముందు ఒప్పుకో' అని పట్టుబట్టరు. '21 రోజుల్లో గ్యారంటీ' అనరు, ఆరు నెలల ప్యాకేజీ డబ్బులు ముందే కట్టమనరు. అలాగని ఊరికే తల ఊపుతూ కూర్చునేవారు కూడా ఈ పద్ధతి తెలిసినవారు కారు. వణుకు గురించి, ఫిట్స్ గురించి, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అన్నదాని గురించి మొదటి రోజే అడగనివారి దగ్గర రెండోసారి కూర్చోవద్దు. రెండు సెషన్లు చూశాక కుదరలేదనిపిస్తే మొహమాటపడకుండా ఇంకొకరిని వెతుక్కోండి. చెప్పు కరిస్తే కాలిది తప్పు కాదు.

ఎన్ని సెషన్లు పడతాయో అని దిగులు వద్దు. అమెరికాలో 1,726 మందితో చేసి 1997లో ఫలితాలు ప్రకటించిన ప్రాజెక్ట్ మ్యాచ్‌లో, ఈ పద్ధతి మీద ఆధారపడిన చికిత్స 12 వారాల్లో నాలుగే సెషన్లు. 12 సెషన్లున్న మిగతా రెండు చికిత్సలతో పోలిస్తే ఫలితం దాదాపు సమానంగానే వచ్చింది. అయితే మాటలతోనే అందరికీ సరిపోదు. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. మీ లివర్, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టర్ ఇస్తారు. వద్దనకండి.

సెషన్‌ను పొద్దున పెట్టుకోండి, తాగాక కాదు. ఇంట్లో కుదరకపోతే దుకాణం తెరవకముందు గోడౌన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోండి. 45 నిమిషాలు ఫోన్లు రాకుండా చూసుకోండి. సిగ్నల్ సరిగ్గా లేకపోతే వీడియో ఆపేసి మాటలతోనే సాగించినా ఫరవాలేదు. మీ చిరునామా, ఇంట్లో ఒకరి నంబర్ థెరపిస్టు దగ్గర ఉండాలి.

అమ్మా, ఇది మీకు. ఆయన తాగి వచ్చిన రాత్రి మాట్లాడవద్దు, అప్పుడు ఏం చెప్పినా గొడవే అవుతుంది. తాగని పూట పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడండి. మీ మీద చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఈ సలహాలన్నీ పక్కనపెట్టి 181కి ఫోన్ చేయండి. మీకు నిద్ర లేకపోయినా, దిగులుగా ఉన్నా 14416 మీకోసం కూడా.

చివరగా ఒక చిన్న పని చెబుతాను. మాల వేసుకున్న 41 రోజుల్లో షట్టర్ దించాక ఎక్కడికి వెళ్లేవారు, ఎవరితో కూర్చునేవారు, అరువు లెక్కలు తలలో తిరిగితే ఏం చేసేవారు, పాప మీ దగ్గరకు వచ్చేదా... గుర్తొచ్చినంత వరకు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ పద్ధతి తెలిసిన థెరపిస్టు అయితే మాల తీశాక ఎందుకు తాగారని అడగడానికి ముందు, ఆ 41 రోజులు ఎలా నిలబడ్డారో అడుగుతారు. అప్పుడు ఆ కాగితం తీసి చదవండి.