తాతగారి ఇస్త్రీపెట్టెను మళ్లీ వాడవచ్చునా?

ప్రశ్న: మా తాతగారు మద్రాసులో కాపురం పెట్టిన కొత్తలో కొన్న కరెంటు ఇస్త్రీపెట్టె అటకమీద దొరికింది. నూలు అల్లిక తొడిగిన వైరు, దాని చివర బల్బు హోల్డరులో పెట్టే పిన్ను ఉన్నాయి. వేడిని తగ్గించే మీట లేదు. బాగుచేయించి వాడుకోవచ్చునా, మ్యూజియానికి ఇవ్వడం మంచిదా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ మాంబళం, చెన్నై

జవాబు: దయచేసి వాడవద్దు. తొలినాళ్లలో ఇళ్లకు కరెంటు ముఖ్యంగా దీపాల కోసమే వచ్చింది కాబట్టి చాలా గదులలో ప్లగ్ పాయింటు ఉండేది కాదు. ఇస్త్రీ చేయవలసినప్పుడు బల్బు తీసి, ఆ హోల్డరులోనే పెట్టెను తగిలించేవారు. దానికి ఎర్తు ఉండదు కనుక లోపలి తీగ ఎక్కడైనా ఇనుముకు తగిలితే పిడి పట్టుకున్నవారికి షాకు తప్పదు. వైరు నూలు అల్లిక కింద ఉండే రబ్బరు ఈపాటికి పెళుసెక్కి ఉంటుంది. ఆనాటి ఇస్త్రీ వైర్లలో వేడికి తట్టుకొనేందుకు రాతినార (ఆస్బెస్టాస్) కూడా చుట్టేవారు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, అందుచేత ఒలిచి చూడాలన్న సరదాను ఆపుకోండి. మీట లేకపోవడం మాత్రం లోపం కాదు. పెట్టె బాగా కాగగానే కరెంటు ఆపి, మిగిలిన వేడితో బట్టలు రుద్దడం అప్పటి పద్ధతి.

విద్యుత్ ఇస్త్రీపెట్టెకు న్యూయార్కులో హెన్రీ సీలీ 1882లోనే పేటెంటు పొందారు. ఎర్రగా కాలినా త్వరగా పాడుకాని నిక్రోమ్ తీగకు ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందినది 1906లో. ఆ తీగను అభ్రకపు పలకకు చుట్టి పెట్టెలో అమర్చేవారు, ఎందుకంటే అభ్రకం కరెంటును పోనివ్వదు, వేడికి చెదరదు, కాగితమంత పలుచని పొరలుగా విడుతుంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న నెల్లూరు జిల్లా గూడూరు గనుల అభ్రకం విదేశాలకు ఎగుమతి అయ్యేది. మీ పెట్టెలోనిది అక్కడిదేనని చెప్పలేను గానీ, సీమ సరుకని మురిసి కొన్న వస్తువు కడుపులో మన గూడూరు రాయి ఉండవచ్చునన్న ఊహ నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక మ్యూజియం సంగతి. బెంగుళూరు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లో విద్యుత్తు ప్రదర్శనశాలతోనే ప్రజలకు తెరచుకుంది. అక్కడికి ముందుగా ఉత్తరం వ్రాయండి. పెట్టె ఫొటోలతో పాటు ఎవరు, ఎప్పుడు కొన్నారో, ఏ ఇంట్లో వాడారో తెలపండి, రశీదు దొరికితే మరీ మంచిది. ఆ వివరాలు లేని పాత ఇస్త్రీపెట్టె, నా దృష్టిలో, ఉత్త ఇనుపముక్కే. ఈలోగా మెరిపించాలని చింతపండుతో తోమకండి. వోల్టులు, వాట్లు చెక్కిన చిన్న రేకుమీది అక్షరాలు అరిగిపోతాయి.