5 శాతం బ్లీచ్‌తో 1000 పీపీఎం ద్రావణం ఎలా?

సీసా మీద 5 శాతం అని ఉంది, నేల తుడవడానికి 1000 పీపీఎం కావాలి, ఎన్ని నీళ్లు కలపాలి అని అడిగారు.

పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. లీటరు నీటి బరువు పది లక్షల మిల్లీగ్రాములు కాబట్టి, లీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పీపీఎం. 5 శాతం కాబట్టి, మీ బ్లీచ్ లీటరులో క్రిములను చంపే పదార్థం 50 గ్రాములు, అంటే 50,000 మిల్లీగ్రాములు. దాన్ని 1000తో భాగిస్తే 50. అంటే 50 పాళ్ల ద్రావణంలో ఒక పాలు బ్లీచ్, 49 పాళ్లు నీళ్లు. నీళ్లు 50 పాళ్లు కాదు, చాలామంది తడబడేది ఇక్కడే. లీటరుకు 20 మిల్లీలీటర్ల బ్లీచ్, 980 నీళ్లు. దగ్గు మందు మూతతో కొలవవచ్చు, కానీ ఆ మూతను మళ్లీ మందు సీసాకు పెట్టకండి!

ముందు చన్నీళ్లు పోసి, తర్వాత బ్లీచ్ కలపండి. చేతి తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి ఉంచండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియాతోనూ ప్రమాదమే. కలిపిన నీళ్లు ఆ రోజుకే. పాత సీసాలో బలం తగ్గిపోతుంది, అప్పుడు ఈ లెక్క సరిపోదు.