టూల్ అండ్ డై మేకరా, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్కా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో టూల్ అండ్ డై మేకర్‌లో చేర్చాలా, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లో చేర్చాలా తేలడం లేదు. టూల్ అన్నా ఇన్‌స్ట్రుమెంట్ అన్నా పనిముట్టే కదా, అంత తేడా ఉంటుందా?
– ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: ఉంటుందండి. రెండూ రెండేళ్ల ట్రేడులే, కానీ పని పూర్తిగా వేరు. లోహాన్ని కోసేది, చెక్కేది, ఒత్తి ఆకారం తెచ్చేది టూల్. ఎంత ఉందో కొలిచి చెప్పేది ఇన్‌స్ట్రుమెంట్. డ్రిల్ బిట్ టూల్ అయితే, మైక్రోమీటర్ ఇన్‌స్ట్రుమెంట్.

టూల్ అండ్ డై మేకర్ స్టీలు దిమ్మను మిల్లింగ్, గ్రైండింగ్ చేసి డైగానో (రేకును తెంచే, ఒత్తే అచ్చు) మోల్డ్‌గానో (ప్లాస్టిక్ లాంటివి పోసే అచ్చు) మలుస్తాడు. ప్లాస్టిక్ బకెట్ రావాలన్నా ముందు మోల్డ్ ఉండాలి. పైనుంచి రేకును గుద్దే పంచ్‌కీ, కింద ఉండే డైకీ మధ్య సందు కాస్త ఎక్కువైతే చాలు, తెగిన రేకు అంచున బర్, అంటే గరుకు మొన, లేస్తుంది. రోజంతా నిలబడాలి, చేతులకు నూనె అంటుతుంది, ఓపిక కావాలి. డ్రాయింగ్ చదవడం ఇష్టమైన పిల్లలు ఇందులో బాగా రాణిస్తారు. ఇన్‌స్ట్రుమెంట్లతో వీళ్లకు పని ఉండదనుకోకండి, మైక్రోమీటర్ లేనిదే టూల్‌రూమ్‌లో పూట గడవదు.

ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ పని మందుల కంపెనీల్లో, రిఫైనరీల్లో, పవర్ ప్లాంట్లలో ఉంటుంది. ప్రెజర్, టెంపరేచర్, ఫ్లో, లెవెల్ చూపే పరికరాలను అమర్చాలి, క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పోల్చి సరిచేయాలి. ట్యాంకు మీది ట్రాన్స్‌మిటర్ (కొలతను కరెంటు సిగ్నల్‌గా మార్చి పంపే పరికరం) మామూలుగా 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ సిగ్నల్ పంపుతుంది. సున్నా నుంచి ఎందుకు మొదలవదు? ట్యాంకు ఖాళీ అయితే 4 వస్తుంది, వైరు తెగితే సున్నా వస్తుంది. ఖాళీకీ, తెగిన వైరుకీ తేడా అలా తెలిసిపోతుంది. ఇది మీవాడికి చెప్పి చూడండి. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడంటే ఈ ట్రేడే నయం.

మీకు పాశమైలారం దగ్గర కాబట్టి అప్రెంటిస్‌షిప్ కోసం అక్కడి ఫ్యాక్టరీల్లో వాకబు చేయొచ్చు. టూల్ వైపే మొగ్గితే, ఐటీఐ కన్నా ముందు హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) గురించి ఆలోచించమంటాను. 1968లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. పదో తరగతి తర్వాత టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమా ఉంది, ఎంట్రన్స్ పరీక్ష రాయాలి.

ఐటీఐలోనే చేర్చేట్టయితే, ఫీజు కట్టేముందు వర్క్‌షాప్‌లోకి వెళ్లి గ్రైండింగ్ మెషీన్ నడుస్తోందో, కవరు కప్పి ఉందో చూడండి. ట్రాన్స్‌మిటర్లను పిల్లల చేత విప్పిస్తున్నారా, అద్దాల బీరువాలో దాచారా అన్నది సీనియర్ విద్యార్థుల్ని అడిగితే చెబుతారు.