ఆ ‘టింగ్’కి చెవిలో మేకు దిగినట్టుంటోంది

ప్రశ్న: నా వయసు 29. ఇంటి నుంచే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే పని) చేస్తాను. రోజుకి ఎనిమిది గంటలు హెడ్‌ఫోన్స్ తలమీదే ఉంటాయి. కొందరు డాక్టర్లు గొణిగినట్టు చెబుతారు, అందుకని వాల్యూమ్ నూటికి నూరు పెడతాను. మధ్యలో కంప్యూటర్ ‘టింగ్’ అంటే చెవిలో మేకు దిగినట్టుంటోంది. పది రోజులుగా రాత్రి పడుకున్నాక కుడి చెవిలో సన్నగా గుయ్‌మంటోంది. అమ్మ వెల్లుల్లి నూనె కాచి వెయ్యమంటోంది. వినికిడి పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు నూనె సంగతి. వెయ్యకండమ్మా. పెద్ద శబ్దాలకి దెబ్బతినేది లోపలి చెవి. అది కర్ణభేరికి బాగా అవతల ఉంటుంది, నూనె అక్కడిదాకా పోదు. కర్ణభేరికి చిల్లుంటే మాత్రం నూనె దిగి కొత్త బాధ తెస్తుంది. అమ్మగారికి నా మాటగా చెప్పండి.

వినికిడి పరీక్షలు చేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మీలాగే రోజంతా హెడ్‌ఫోన్స్‌తో పనిచేసే ఒకబ్బాయి మొన్న వచ్చాడు. ‘నాకు బాగానే వినిపిస్తుంది మేడమ్, ఇంట్లోవాళ్లే నసుగుతారు’ అన్నాడు. పరీక్ష కాగితం మీద గీత కిందికి దిగితే ఆ శబ్దం సరిగా వినపడట్లేదని అర్థం. అతని గీత 2000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దాకా చక్కగా వచ్చి, 4000 దగ్గర గుంటలో పడ్డట్టు కిందికి దిగి, 8000 దగ్గర మళ్లీ లేచింది. మోతకి దెబ్బతిన్న చెవి సాధారణంగా ఇలాగే కనిపిస్తుంది. లోపల వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. ఆ కాగితం అతని చేతికిచ్చేటప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

మీ విషయంలో తప్పు ఒక్క ‘టింగ్’దే కాదు. గొణుగుడు వినడానికి మీరు మొత్తం కంప్యూటర్ వాల్యూమ్ పెంచారు. ఆ డిక్టేషన్ రికార్డయిందే చిన్నగా. ‘టింగ్’ అలా కాదు, నిండు గొంతుతో తయారైంది. అందుకే పెంచిన వాల్యూమ్‌లో అది మాటకన్నా ఎన్నో రెట్లు గట్టిగా పడుతోంది. పెద్ద మోత వస్తే బిగుసుకుని కాపాడే చిన్న కండరం మన చెవిలో ఉంది కానీ, అది బిగుసుకునేలోపే ఈ శబ్దం లోపలికి దూరిపోతుంది.

కాబట్టి రెంటినీ విడదీయండి. విండోస్ అయితే కింద స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ‘వాల్యూమ్ మిక్సర్’ తెరవండి. ‘సిస్టమ్ సౌండ్స్’కి వేరే గీత ఉంటుంది, దాన్ని 10కి లాగండి. అసలే వద్దనుకుంటే సౌండ్ సెట్టింగుల్లో ‘నో సౌండ్స్’ ఎంచుకోండి. మ్యాక్‌లో ‘అలర్ట్ వాల్యూమ్’ విడిగా ఉంటుంది. హెచ్చరికల్ని హెడ్‌ఫోన్స్‌కి కాకుండా బయటి స్పీకర్‌కి పంపే వీలూ ఉంది. చాటింగ్ యాప్ చేసే శబ్దాలు మాత్రం వీటికి లొంగవు, వాటిని ఆ యాప్‌లోనే ఆపాలి. గొణుగుడు ఫైలుకి ప్లేయర్‌లోనే శబ్దం పెంచుకుని, కంప్యూటర్ వాల్యూమ్ దించండి. గదిలో కూలర్ మోత ఉంటే చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్స్ తీసుకోండి. బయటి మోత తగ్గితే వాల్యూమ్ పెంచాలనిపించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) అయితే వారానికి 40 గంటలు ఫరవాలేదు. అదే 90 అయితే వారం మొత్తానికి 4 గంటలే. రోజుకి ఎనిమిది గంటలు వినే మీకు ఆ పది డెసిబెల్స్ తేడా ఎంతో చూడండి.

పది రోజుల హోరుని తేలిగ్గా తీసుకోకండి. ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. ఈలోగా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, దానికి మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. పరీక్షకి ముందు రోజు హెడ్‌ఫోన్స్ ముట్టుకోకండి. అలసిన చెవితో వస్తే గీత ఉన్నదానికన్నా కిందికి కనిపిస్తుంది. రిపోర్టు దాచిపెట్టండి, వచ్చే ఏడాది పోల్చి చూడ్డానికి కావాలి.