విమానం ముందా, నౌక ముందా?

ప్రశ్న: కొత్తగా విమాన వాహక నౌకను నిర్మించే దేశం ముందుగా దేనిని ఎంచుకోవాలి: విమానాలనా, వాటిని గాలిలోకి లేపే ఏర్పాటునా? స్కీ జంప్ చవక అంటారు కదా, అన్ని నౌకాదళాలూ దానితోనే ఎందుకు సరిపెట్టుకోవడం లేదు?

జవాబు: ఈ రెండింటినీ విడివిడిగా ఎంచుకోవడం కుదరదు. ఒకటి తేలితే రెండోది దాదాపు తేలిపోయినట్టే.

స్కీ జంప్ అంటే డెక్ ముందు కొసన పైకి వంపు తిరిగిన ర్యాంపు. విమానం తన ఇంజన్ బలంతోనే పరుగెత్తి, పూర్తి వేగం అందుకోకముందే ఆ వంపు మీదుగా పైకి ఎగసి, అలా దొరికిన కొద్ది క్షణాలలో మిగతా వేగాన్ని కూడగట్టుకుంటుంది. అందులో కదిలే యంత్రభాగాలు లేవు కనుక చెడిపోయేవీ లేవు. అయితే బరువు విషయంలో రాజీ తప్పదు: నిండుగా ఇంధనం, నిండుగా ఆయుధాలు మోసుకుని లేవడం చాలా విమానాలకు సాధ్యం కాదు.

విమానాన్ని ముందుకు విసిరే యంత్రమైన క్యాటపల్ట్ తీరు వేరు. విమానం ముందు చక్రానికి ఉండే కడ్డీని డెక్ గాడిలో కదిలే షటిల్‌కు తగిలిస్తారు. ఇంజన్ పూర్తి శక్తితో గర్జిస్తున్నా, వెనుక నుంచి పట్టి ఉంచే మరో కడ్డీ దానిని కదలనివ్వదు. ఆవిరితో నడిచే రకంలో, షటిల్‌ను తోసే ఆవిరిని వదలగానే ఆ పట్టు వీడిపోయి, సుమారు 90 మీటర్ల దూరంలో, రెండు మూడు సెకన్లలోనే విమానం గంటకు 250 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటుంది.

చాలామంది యుద్ధ విమానాలనే పోల్చి చూస్తారు. నా దృష్టిలో అసలు తేడా తెచ్చేది ముందస్తు హెచ్చరిక విమానం. వీపు మీద పెద్ద రాడార్ పళ్లెంతో ఎగిరే హాక్‌ఐ వంటి విమానాన్ని అమెరికా, ఫ్రాన్స్ నౌకలు క్యాటపల్ట్‌తోనే లేపుతున్నాయి. అది లేని నౌకలు రాడార్ అమర్చిన హెలికాప్టర్ల మీద ఆధారపడాలి. హెలికాప్టర్ అంత ఎత్తుకు పోలేదు, అంతసేపు గాలిలో నిలవలేదు. దూరం నుంచి వచ్చే ముప్పును ఎంత ముందుగా పసిగట్టగలమన్న దాని మీదే వేలమంది నావికుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి కనుక దీనిని చిన్న విషయంగా చూడలేము.

బ్రిటన్ అనుభవం చూడండి. క్వీన్ ఎలిజబెత్ తరగతి నౌకలకు మొదట స్కీ జంప్ మీదుగా లేచి నిట్టనిలువుగా దిగగల ఎఫ్-35బి యుద్ధ విమానాన్ని అనుకున్నారు. నిర్మాణం మొదలయ్యాక, 2010లో, క్యాటపల్ట్‌తో లేచే ఎఫ్-35సి వైపు మళ్లారు. నిట్టనిలువుగా దిగడానికి కావలసిన లిఫ్ట్ ఫ్యాన్ బి రకంలో చాలా చోటు ఆక్రమిస్తుంది. అందుకే దాని లోపలి ట్యాంకులలో సుమారు 6,100 కిలోల ఇంధనమే పడుతుంది, సి రకంలో సుమారు 8,900 కిలోలు పడుతుంది. ఆ లెక్కన మార్పు సబబుగానే కనిపించింది. కానీ ఒక నౌకను మార్చే ఖర్చు అంచనా రెట్టింపై 200 కోట్ల పౌండ్లకు చేరడంతో 2012 మే నెలలో మళ్లీ బి రకానికే తిరిగి వచ్చారు. క్యాటపల్ట్‌ను తర్వాత ఎప్పుడైనా అమర్చుకోవచ్చన్న మాట కాగితం మీద బాగానే ఉంటుంది; డెక్ కింది గదులు, కేబుళ్లు, విద్యుత్ ఏర్పాట్లు అన్నీ కదిలించవలసి వస్తుందని ఉక్కు కోయడం మొదలయ్యాకే తెలిసివస్తుంది.

ప్రశ్న: క్యాటపల్టే ఎంచుకుంటే ఆవిరిదా, విద్యుదయస్కాంత శక్తిదా?

జవాబు: ఆవిరికి బాయిలర్లు కావాలి. అణుశక్తి నౌకలో ఆవిరి ఎలాగూ తయారవుతుంది. గ్యాస్ టర్బైన్లు, డీజిల్ ఇంజన్లతో నడిచే క్వీన్ ఎలిజబెత్ వంటి నౌకలో అది ఉండదు. విద్యుదయస్కాంత క్యాటపల్ట్‌కు అణుశక్తి తప్పనిసరి కాదని 2025లో సేవలో చేరిన చైనా నౌక ఫుజియాన్ చూపించింది. 2017లో సేవలో చేరిన అమెరికా నౌక జెరాల్డ్ ఫోర్డ్ మీద ఈ యంత్రాలు తొలి సంవత్సరాలలో తరచు మొరాయించిన మాట నిజమే. అయినా నేను దీని వైపే మొగ్గుతాను. తోపుడు బలాన్ని విమానం బరువుకు తగ్గట్టు సన్నగా సర్దుకోగలగడం దీని గొప్ప సుగుణం. బరువైన యుద్ధ విమానాన్ని లేపిన గాడి నుంచే తేలికపాటి డ్రోన్‌నూ దాని చట్రం దెబ్బతినకుండా పంపవచ్చు. ఆవిరితో అంత మృదువుగా తోయడం కష్టం.