ధర ఎత్తుకా, కీలుకా?

బొమ్మల సేకరణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో సగానికి పైగా, రూపం మార్చుకునే భారీ రోబో బొమ్మల గురించే ఉన్నాయి. అందులోనూ ట్రాన్స్‌ఫార్మర్స్ శ్రేణికి చెందిన, గ్రహంగా మారే యూనిక్రాన్ అనే రోబో ధర, రూపం విషయంలో సేకర్తల మధ్య ఏళ్లుగా నడుస్తున్న తగవు మన పాఠకుల ఇళ్లలోకి కూడా వచ్చినట్టుంది. అందువల్ల మొదటి రెండు ప్రశ్నలకు ఎక్కువ చోటు కేటాయించి, మిగిలినవాటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా బావగారు 2019లో యూనిక్రాన్‌కు 574.99 డాలర్లు పెట్టి పేరు నమోదు చేయించుకుని, 2021లో బొమ్మను అందుకున్నారు. ఈ మధ్య వారింటికి వెళ్లినప్పుడు నేను దానిని వేలితో తట్టి చూస్తే గుల్లగా శబ్దం వచ్చింది. 27 అంగుళాల గుల్ల ప్లాస్టిక్‌కు అంత ధర అన్యాయమని నేను, న్యాయమేనని ఆయన గట్టిగా వాదించుకున్నాం. దానిని చేసిన హాస్‌బ్రో కంపెనీయే 2013లో అదే శ్రేణిలోని సుమారు రెండడుగుల రోబో మెట్రోప్లెక్స్‌ను 124.99 డాలర్లకే అమ్మింది కదా! మా ఇద్దరిలో ఎవరిది సరైన వాదన?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ‘గుల్ల’ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ వాదనలో బలమంతా ఆ మాట మీదే ఉంది. ఒక బొమ్మను పోలికలు చెడకుండా రెట్టింపు ఎత్తుకు పెంచారనుకోండి. లోపల నిండుగా ప్లాస్టిక్ ఉంటే దాని బరువు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. బొమ్మ చెయ్యి చాచినప్పుడు భుజం కీలును కిందికి తిప్పే భారం చేతి బరువు మీద, చేతి పొడవు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి అది ఏకంగా పదహారు రెట్లు పెరుగుతుంది. రాపిడి బిగువుతో నిలిచే కీలునూ అదే కొలతలో పెంచితే దాని పట్టు మాత్రం ఎనిమిది రెట్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే చిన్న బొమ్మలో గంటల తరబడి చాచి ఉంచగలిగిన చెయ్యి, రెట్టింపు ఎత్తున్న నిండు బొమ్మలో వాలిపోతుంది. అదే గోడల మందం పెంచకుండా లోపల ఖాళీగా వదిలితే బరువు నాలుగు రెట్లే అవుతుంది, భుజం మీద పడే భారం ఎనిమిది రెట్లవుతుంది, కీలు పట్టు కూడా ఎనిమిది రెట్లే కనుక రెండూ సరితూగుతాయి. కాబట్టి మీరు తట్టి విన్న ఆ శబ్దం పిసినారితనానికి గుర్తు కాదు. ఆ బొమ్మ చెయ్యెత్తి నిలబడగలగడానికి ఆ గుల్లతనమే ఆధారం.

పలుచని గోడలకు ఒక చిక్కుంది. పెద్ద పలకను మధ్యలో నొక్కితే అది లోపలికి పోతుంది. అందుకే పలక లోపలి వైపు పక్కటెముకల్లా సన్నని గట్లు పోస్తారు. బావగారు ఒప్పుకుంటే ఈసారి బొమ్మను తట్టకుండా, రూపం మారుస్తూ పలకలు తెరుచుకున్నప్పుడు వాటి లోపలి వైపు చూడండి. గట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి, కీలు చుట్టూ ప్లాస్టిక్ ఎంత మందంగా ఉంది అన్నవే శ్రద్ధగా చేసిన బొమ్మను పట్టిస్తాయి. ఎత్తును చూసి ధర కట్టేవారు సాధారణంగా అటు చూడనే చూడరు.

ఇక ధర. మెట్రోప్లెక్స్‌కు అంగుళానికి దాదాపు అయిదు డాలర్లు పడితే, యూనిక్రాన్‌కు ఇరవై ఒక డాలర్ దాటింది. ఈ లెక్క చూస్తే ఎవరికైనా కోపం రావడం సహజమే. కానీ ప్లాస్టిక్ బొమ్మ ధరలో ప్లాస్టిక్ కన్నా అచ్చుల పాలే ఎక్కువ బాధిస్తుంది. ఉక్కును చెక్కి తయారుచేసే ఆ అచ్చులకు పది బొమ్మలు తీసినా, పది లక్షలు తీసినా ముందుగా పెట్టవలసిన ఖర్చు ఒక్కటే. ఆ ఖర్చును ఎంతమంది పంచుకుంటారన్నదే అసలు ప్రశ్న. మెట్రోప్లెక్స్ దుకాణాలలో అమ్ముడైన బొమ్మ, పిల్లల పుట్టినరోజులకు కూడా కొన్న బొమ్మ. పైగా దాని నిర్మాణాన్నే చాలావరకు మార్చి 2016లో ఫోర్ట్రెస్ మాక్సిమస్ అనే ఇంకొక రోబోను తెచ్చారు. దానిని కొందరు సేకర్తలు బద్ధకమని విమర్శించారు గానీ, ఒకే శ్రమను రెండు బొమ్మల మీద పంచినందువల్లే రెండవది 149.99 డాలర్ల దగ్గర ఆగిందని నా నమ్మకం. ఒక గ్రహంగా మారే బొమ్మ అచ్చులను అలా ఇంకొక పాత్రకు సర్దడం తేలిక కాదు.

యూనిక్రాన్‌ను దుకాణంలో పెట్టి అమ్మలేదు. హాస్‌ల్యాబ్ అనే పథకం కింద కనీసం 8,000 మంది ముందుకొస్తేనే తయారుచేస్తామని 2019 జులైలో ప్రకటించారు. ఆ ఎనిమిది వేల మంది ఇచ్చే సొమ్ము మొత్తం 45,99,920 డాలర్లు. అచ్చులు, రంగులు, కూర్పు కూలి, పెట్టె, రవాణా, లాభం అన్నీ ఆ మొత్తంలోనే రావాలి. ఆగస్టు 31 నాటికి అంతమంది రాలేదు. గడువును అక్టోబరు 6 వరకు పొడిగించాక గాని సంఖ్య నిండలేదు. 574.99 డాలర్లు ఎక్కువని ఆనాడు చాలామంది నిజంగానే భావించారని దీనివల్ల తెలుస్తుంది. అదే పథకం కింద 2018లో వచ్చిన, స్టార్ వార్స్ సినిమాలలోని జబ్బా నౌక బొమ్మకు 499.99 డాలర్లు పెట్టినా, అడిగిన 5,000 మంది కన్నా బాగా ఎక్కువ మందే చేరారు. కాబట్టి ఇంత పెద్ద మొత్తం చూసి కొనేవారందరూ వెనుకాడతారని అనుకోనక్కర్లేదు. యూనిక్రాన్ దగ్గర వెనుకాడటానికి ధరతో పాటు, రూపం మీద ఉన్న అనుమానం కూడా కారణమని నేననుకుంటాను.

మొత్తం మీద బావగారి వైపే నా తీర్పు. యాభైకి పైగా కీళ్లతో, విడివిడిగా కదిలే వేళ్లతో, నోరు ఆడించే గోళంతో, 19 పౌండ్లకు పైగా, అంటే మన లెక్కలో ఎనిమిదిన్నర కిలోల బరువుతో వచ్చిన ఆ బొమ్మను ఎనిమిది వేల మంది పంచుకోవలసిన ఖర్చుతో చూస్తే ధర న్యాయమే. అయితే మీ కోపంలో నేను పంచుకునే భాగం ఒకటుంది. కొనేవారు ఆ కీళ్లను ఒక్కసారైనా చేత్తో తిప్పి చూడకుండా, కేవలం ఫొటోలు, వీడియోలు చూసి అంత సొమ్ముకు మాట ఇవ్వవలసి వచ్చింది. కీలును నమ్మి డబ్బు పెట్టేవారికి ఆ కీలును తాకే అవకాశమే లేకపోవడం ఈ పద్ధతిలోని నిజమైన లోపం.

ప్రశ్న: యూనిక్రాన్ గోళంగా ఉన్నప్పుడు కళ్లు తిప్పుకోలేం. రోబోగా మార్చాక మాత్రం గోళపు పెంకులు ఒంటికి అంటిపెట్టుకుని కనబడుతూనే ఉంటాయి. సేకర్తలు ‘కిబుల్’ అనే ఈ మిగులు భాగాలు అంత ధర పెట్టిన బొమ్మలో ఉండటం రూపకల్పన లోపం కాదా?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లోపమేనని మీరంటే నేను పూర్తిగా కాదనలేను. కానీ ఆ లోపం ఎక్కడ పుట్టిందో చూస్తే నిందను ఎవరి మీద వేయాలో తేలుతుంది. లారీగానో, కారుగానో మారే రోబోకు ఉండే పలకలు దాదాపు చదునుగా ఉంటాయి. చదునైన పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు, కాలి పక్కకు మడిచి పిక్కగా చూపించవచ్చు. గోళం పెంకులు వంపు తిరిగి ఉంటాయి. కొబ్బరి చిప్పలను చూడండి, ఒక చిప్పలో ఇంకొక చిప్ప ఇముడుతుందే తప్ప రెండూ చదునుగా పడుకోవు. పైగా రోబో మొత్తం ఆ చిప్పల లోపలే దాగి ఉండాలి కాబట్టి, బయటికి వచ్చిన తరువాత చిప్పలకు వీపో, భుజాలో, కాళ్లో తప్ప వేరే ఆశ్రయం ఉండదు.

ఈ పాత్ర మొదట 1986 నాటి యానిమేషన్ చిత్రంలో వచ్చింది. బొమ్మలు గీసేవారు ఒక గ్రహాన్ని విప్పి మనిషి ఆకారంగా చూపడానికి పలక మందాన్ని లెక్కపెట్టనవసరం లేదు. పనికిరాని ముక్కను తరువాతి గీతలో గీయకపోతే సరిపోతుంది. అచ్చు పోసేవారికి ఆ వెసులుబాటు లేదు, ప్రతి ముక్కకూ ఒక చోటు చూపించాలి. ఆ చిత్రం వచ్చిన రోజులలోనే బొమ్మగా తీసుకురావాలని నమూనాలు తయారుచేసి కూడా విడుదల చేయలేకపోయారు. మొదటి యూనిక్రాన్ బొమ్మ 2003లో గాని మార్కెట్‌కు రాలేదు. పదిహేడేళ్ల ఆ ఆలస్యానికి ఇంకేవైనా కారణాలు ఉండవచ్చు గానీ, గోళాన్ని మనిషిగా మార్చడమనే సమస్య ఎంత జటిలమో ఊహించుకోవడానికి అది చాలు.

అందువల్ల పెంకులు కనబడుతున్నాయా లేదా అని కాకుండా, కనబడిన పెంకులు ఏం చేస్తున్నాయని అడగడం మంచిదని నా అభిప్రాయం. తెర మీది యూనిక్రాన్‌కు వెనుక రెక్కలున్నాయి, ఒళ్లంతా భారీగా ఉంటుంది. అలాంటి పాత్రకు వీపు మీది బరువు కొంత నప్పుతుంది. అదే సన్నని నడుమున్న చురుకైన రోబో వీపున అంత మూట కట్టి ఉంటే నేనూ క్షమించను. భుజం కదలకుండా పెంకు అడ్డుపడితే అది లోపం. భుజం తిరిగినప్పుడు పెంకు తనంతట తాను పక్కకు జరిగే ఏర్పాటు ఉంటే అది రూపకల్పన. మీ అమ్మాయో, అబ్బాయో సూచన పత్రం చూడకుండా ఆ బొమ్మను మార్చగలిగితే, రూపకర్త ఆ పెంకుల విషయంలో ఎంత ఆలోచించారో మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: అమెరికా ధరను రూపాయలలోకి మార్చి చూసుకుని దుకాణానికి వెళితే, ఇక్కడ ఎప్పుడూ దానికి ఎంతో ఎక్కువే చెబుతున్నారు. వ్యాపారులు దోచుకుంటున్నారా?
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ తేడా అంతా వ్యాపారి జేబులోకి పోదు. మన దేశంలో బొమ్మల దిగుమతిపై మూల కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఆ సుంకాన్ని బొమ్మ వెల మీదే కాక రవాణా, బీమా ఖర్చులను కూడా కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు, తరువాత జీఎస్టీ పడుతుంది. పెద్ద బొమ్మ పెట్టె పెద్దది కాబట్టి రవాణా ఖర్చూ పెద్దదే, సుంకం దాని మీద కూడా పడుతుంది. దీనికి తోడు 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరైంది. దేశీయ బొమ్మల పరిశ్రమకు ఈ నిబంధనలు ఊతమిచ్చాయన్నది నిజమే గానీ, ఏడాదికి కొద్ది సంఖ్యలో మాత్రమే అమ్ముడయ్యే రెండడుగుల రోబోల కోసం ఆ శ్రమ పడే దిగుమతిదారులు తక్కువ. సరుకు తక్కువైన చోట బేరానికీ చోటు తక్కువే. అంత ధర పెట్టలేక నకిలీలు కొనే పాఠకులకు ఒక్క మాట. నకిలీలో మొదట దొరికిపోయేది కీలే. బయటి రంగు అచ్చంగా ఉన్నా, కీలు పిన్ను మెత్తని ప్లాస్టిక్‌తో చేస్తే నెల తిరగకుండా బొమ్మ చతికిలపడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. ఒక నెల జీతంలో చాలా భాగం పోసి రోబో బొమ్మ కొన్నాడు. అడిగితే ‘అమ్మా, దీని ధర ముందు ముందు పెరుగుతుంది’ అంటున్నాడు. నమ్మవచ్చునా?
ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ మాటను మాత్రం నమ్మకండి. బొమ్మను ఇష్టపడి కొన్నానని మీ అబ్బాయి చెబితే అది గౌరవించదగిన మాట. పెట్టుబడి అంటే మాత్రం నేను ఒప్పుకోను. 1987లో సుమారు 100 డాలర్లకు అమ్మిన మొదటి ఫోర్ట్రెస్ మాక్సిమస్ పెట్టెతో సహా చెక్కుచెదరకుండా ఉంటే ఈనాడు చాలా ఎక్కువ పలుకుతుందన్నది నిజమే. అయితే అలా నిలిచినవి తక్కువ కావడానికి కారణం, ఆనాటి పిల్లలు వాటితో నిజంగా ఆడుకున్నారు, విరగ్గొట్టారు, ముక్కలు పోగొట్టారు. ఈనాడు కొనేవారిలో చాలామంది పెట్టెలను కూడా పదిలంగా దాస్తున్నారు. పది ఇళ్లలో పది పెట్టెలు భద్రంగా ఉన్నప్పుడు అరుదు అన్న మాటకు అర్థమేముంది? పైగా కంపెనీలు పాత బొమ్మను మళ్లీ విడుదల చేస్తాయి. ఆ ఫోర్ట్రెస్ మాక్సిమస్‌నే జపాన్‌లో 2013లో తిరిగి తెచ్చారు. ఆ బొమ్మ ఇంట్లో మీకు అడ్డం కాకుండా, అతని అప్పులకు కారణం కాకుండా ఉన్నంత వరకు అతని సంతోషానికి మీరు అడ్డు చెప్పవలసిన పనిలేదని నాకనిపిస్తుంది. వీలైతే ఒకసారి దానిని ఎలా మారుస్తాడో చూపించమని అడగండి. అతనికి ఎంతో ఆనందం కలుగుతుంది.

ప్రశ్న: నా దగ్గరున్న రెండడుగుల రోబోకు తుంటి వదులై, ఒక కాలి మీద నిలబడటం లేదు. జిగురు వేయవచ్చునా?
ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: జిగురు వద్దు, కీలు శాశ్వతంగా పట్టేస్తుంది. కాలు తిప్పినప్పుడు టకటకమని శబ్దం వస్తే అది పళ్ల కీలు. ముందు దాని మీది మరలు (స్క్రూలు) బిగించి చూడండి. అప్పటికీ జారుతుంటే విప్పి, లోపలి స్ప్రింగు తన చోట ఉందో లేదో, పళ్లు అరిగాయో లేదో గమనించండి. శబ్దం లేకుండా మెత్తగా తిరిగితే అది రాపిడి కీలు. పిన్నును బయటికి తీసి, దాని మీద రంగులేని గోళ్ల పాలిష్‌ను ఒక్క పలుచని పూతగా రాసి, ఒక రాత్రంతా పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ అమర్చండి. తడిగా ఉండగా తిప్పితే జిగురు వేసినట్టే అవుతుంది. ఒక పూత చాలకపోతే రెండవది వేయండి గాని, మొదటే మందంగా వేస్తే పిన్ను బిగుసుకుపోయి తిప్పేటప్పుడు విరగవచ్చు. బొమ్మలో తెల్లని భాగాలుంటే ఎండ తగిలే కిటికీ దగ్గర నుంచి దానిని ఈ రోజే పక్కకు జరపండి, ఎండకు తెల్లని ప్లాస్టిక్ పచ్చబడుతుంది.